అయిదు చుక్కల లావెండరు

1820లో లండన్‌లో జాన్ మర్రే సంస్థ ఒక లావుపాటి యాత్రా పుస్తకం ప్రచురించింది. పేరు ‘ట్రావెల్స్ ఆన్ ది కాంటినెంట్’. రాసినామె మరియానా స్టార్క్. ఆ తర్వాత ఇరవై ఏళ్లపాటు పేర్లు మార్చుకుంటూ, కూర్పు తర్వాత కూర్పుగా నడిచిన ఈ పుస్తకపు అనుబంధంలో ఒక జాబితా ఉంది. యూరప్ చూడటానికి బయలుదేరే ఇంగ్లీషు కుటుంబం వెంట ఏమేమి ఉండాలో అందులో వరసగా చెప్పింది. తోలు దుప్పట్లు, దిండ్లు, కంబళ్లు, దోమతెర. ఏ తలుపుకైనా బిగించుకోగల తాళం. నిప్పు రాజేసుకునే చెకుముకి పెట్టె, చిన్న లాంతరు, పిస్తోళ్లు. తినడానికి జేబుకత్తి, సిరా పొడి, కలాలు, సూదీ దారం, గుండుసూదులు. రెండు పొరల అడుగున్న బూట్లు. థర్మామీటరు. మందుల పెట్టె, అందులో త్రాసు, తూకపు రాళ్లు, గాజు కల్వం. తర్వాత మందుల పేర్లు: సింకోనా బెరడు, నల్లమందు, ఈథరు, గంధకామ్లం.

గబగబా చదివితే భయస్తులు కట్టుకున్న మూటలా కనిపిస్తుంది. ఒక్కో వస్తువు దగ్గర ఆగి, ఇది ఇక్కడికి ఎందుకు వచ్చిందని అడుగుతూ పోవాలి. అప్పుడు ప్రతిదాని వెనకా దారిలో గడిచిన ఒక రాత్రి, ఒక సత్రం, ఒక ఇబ్బంది, దానికి ఆమె కనిపెట్టిన విరుగుడు బయటపడతాయి. ఈ జాబితాను నేనొక పనితనంగా చూస్తాను. మంచి వడ్రంగి చేసిన పెట్టెను ఎలా తిప్పి తిప్పి చూస్తామో అలా చూడవలసిన పనితనం ఇది.

ఆమె తండ్రి ఈస్టిండియా కంపెనీ కొలువులో చెన్నపట్నం వైపు పనిచేసినవాడు. ఆమె మొదటి నాటకాల్లో ఒకటి, 1788లో లండన్‌లో ఆడిన ‘ది సోర్డ్ ఆఫ్ పీస్’, కోరమాండల్ తీరంలోనే నడుస్తుంది. సముద్రం దాటి వచ్చిన ఇద్దరు ఇంగ్లీషు యువతులే అందులో నాయికలు. అయితే ఆమెను యాత్రా రచయిత్రిని చేసింది నాటకం కాదు, రోగి సేవ. 1792 నుంచి 1798 దాకా ఆమె ఎక్కువకాలం ఇటలీలో గడిపింది. ఊపిరితిత్తుల జబ్బుతో ఉన్న దగ్గరి మనుషులను వెచ్చటి గాలి కోసం అక్కడికి తీసుకువెళ్లి, వాళ్ల పక్కనే ఉండి చూసుకుంది. ఆ మధ్యలోనే, 1796లో, నెపోలియన్ సేన ఇటలీలోకి దిగింది. ఆ ఏళ్ల అనుభవం 1800లో ‘లెటర్స్ ఫ్రమ్ ఇటలీ’గా వచ్చింది. యుద్ధపు కబుర్లతో పాటు, జబ్బు మనిషిని ఏ దారిన, ఏ బండిలో, ఏ ఊళ్లో ఎంత ఖర్చుతో ఉంచవచ్చో కూడా అందులో రాసింది. ఆమె పని అంతటికీ మూలం అక్కడుంది. అంతకు ముందు యూరప్ యాత్ర అంటే జమీందారీ కుటుంబాల కుర్రాళ్లు గురువునీ నౌకర్లనీ వెంటేసుకుని చేసే విహారం. దారి చూడటం, బేరమాడటం, పడక సర్దడం అన్నీ ఎవరో ఒకరు చేసిపెట్టేవారు. స్టార్క్ మనసులో ఉన్న పాఠకురాలికి అలాంటి పరివారం లేదు. ఉన్నది ఒక మోస్తరు ఆదాయం, వెంట ఒక రోగి, ముందు తెలియని దేశం.

మొదట పడక సంగతి. సత్రాల పరుపుల్లో చెమ్మ ఉండేది, నల్లులు ఉండేవి. తోలు దుప్పటి పరుపు మీద పరిస్తే కింది చెమ్మ పైకి ఎక్కదు, కింది పురుగు పైకి పాకదు. దాని మీద సొంత నూలు దుప్పటి. ఆ పైన పడక మీద అక్కడక్కడా అయిదు చుక్కల లావెండరు తైలం చిలకరిస్తే నల్లులూ, దుప్పట్లో గెంతే పురుగులూ పారిపోతాయని రాసింది. లావెండరు తైలంలో ఉండే లినలూల్ అనే పదార్థం పురుగులకు గిట్టదని ఇప్పటి రసాయన శాస్త్రం చెబుతోంది. ఆమెకు ఆ పేరు తెలియదు. చుక్కల లెక్క తెలుసు. మరి ఇంత పడకసామాను బండిలో ఎక్కడ పట్టాలి? దానికీ జవాబు ఉంది. దిండ్లు, కంబళ్లు, దుప్పట్లు సరైన కొలతకు మడిచి, తోలు దుప్పటినే పైకి తొడుగుగా చుట్టి, బండి లోపల ఆసనాల మీద మెత్తలుగా వేసుకోవాలి. పగలు కూర్చునే మెత్తే రాత్రి పడక అవుతుంది. చోటు తినని సామానంటే ఇది.

తర్వాత తలుపు. ముక్కూ మొహం తెలియని ఊరి సత్రంలో గది గడియ వదులుగా ఉండవచ్చు, అసలు లేకపోవచ్చు. అందుకే ఎక్కడికంటే అక్కడికి తీసుకుపోయే తాళం. ఏ తలుపుకైనా అయిదు నిమిషాల లోపే బిగించవచ్చని, లండన్‌లో ఎప్పుడూ దొరుకుతుందని కూడా చెప్పింది. రాతబల్ల పెట్టెకూ, బండి ఆసనం కింద సొరుగుకూ మాత్రం బ్రామా తాళాలే ఉండాలంది. ఊరికే ‘గట్టి తాళం’ అని వదిలేయకుండా పేరు పెట్టి చెప్పడానికి కారణం ఉంది. జోసెఫ్ బ్రామా 1784లో పేటెంటు తీసుకున్న ఈ తాళానికి చెవి చిన్న గొట్టంలా ఉంటుంది. గొట్టం అంచున వేర్వేరు లోతుల్లో గాట్లు. చెవిని లోపలికి నొక్కితే ఒక్కో గాటు ఒక్కో సన్నటి లోహపు పలకను తన లోతుకు తగినంత దూరం తోస్తుంది. పలకల మీది నొక్కులన్నీ ఒకే వరసలోకి వస్తేనే లోపలి స్తంభం తిరుగుతుంది. ఒక్కటి వెంట్రుకవాసి ఎక్కువ పోయినా, తక్కువ పోయినా కదలదు. లండన్‌లోని పిక్కడిల్లీ వీధి దుకాణం కిటికీలో బ్రామా అలాంటి తాళం ఒకటి పెట్టి, తెరిచినవాళ్లకు 200 గినీలు ఇస్తానని బోర్డు కట్టాడు. 1851లో అమెరికా తాళాల నిపుణుడు ఆల్ఫ్రెడ్ హాబ్స్ వచ్చేదాకా అది ఎవరికీ లొంగలేదు. అతనికి కూడా పదహారు రోజుల మీద 51 గంటలు పట్టింది. స్టార్క్ మొదటి పాఠకులు పెట్టెకు బిగించుకున్న నాటికి అది లోకంలో ఎవరూ ఛేదించని తాళం.

టీ సామానులోనూ అదే చేతి నేర్పు. వెండి టీపాత్ర వీల్లేకపోతే తగరపు కెటిలు చాలు. అయితే టీపాత్ర, టీ డబ్బా, చక్కెర డబ్బా మూడూ ఆ కెటిలు లోపల ఇమిడేలా చేయించాలి. నాలుగు వస్తువులు ఒక వస్తువు చోటులో పోతాయి, ఒకదానికొకటి ఆనుకుని గలగలలాడకుండా ఉంటాయి. ఇక కెటిల్లో పోసే నీళ్లు. పెద్ద గాజుకూజాలోని చెడ్డ నీళ్లలో అయిదు చుక్కల గంధకామ్లం వేస్తే మలినం అడుగుకు దిగి నీరు తాగడానికి పనికివస్తుంది. పలచబరిచిన ఆమ్లమైతే ఇరవై చుక్కలు కావాలి. మన పల్లెల్లో బిందె లోపలి గోడకు చిల్లగింజ అరగదీసి బురదనీటిని తేర్చుకున్నట్టే ఇదీ. నీటిలో తేలే మన్ను రేణువుల మీద ఒకే రకం విద్యుదావేశం ఉంటుంది, అందుకే ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తేలుతూనే ఉంటాయి. ఆమ్లం ఆ ఆవేశాన్ని తగ్గిస్తుంది. అప్పుడు రేణువులు గుంపు కట్టి, బరువెక్కి, కిందికి దిగుతాయి. నీటిలో కంటికి కనపడని జీవులు జబ్బు తెస్తాయన్న సంగతి లోకం ఒప్పుకోవడానికి ఇంకా కొన్ని దశాబ్దాలు ఉంది.

ఈ చుక్కల పట్టింపు ఆమెకు ఎంతటిదో మందుల పెట్టె దగ్గర తెలుస్తుంది. ఘాటైన మందులను చుక్కల లెక్కన ఇవ్వడం ప్రమాదకరమైనంత తప్పుడు కొలత అంటుంది. కాబట్టి షటిల్‌వర్త్ చుక్కల కొలపాత్ర చాలా ముఖ్యమని ఆ ఒక్క వస్తువు పక్కన ప్రత్యేకంగా రాసింది. నిజమే. చుక్క పరిమాణం సీసా మూతి వెడల్పును బట్టి మారుతుంది, ద్రవాన్ని బట్టి మారుతుంది. నీటి చుక్క పెద్దది. సారాయిలో నల్లమందు కలిపిన లాడనం చుక్క చిన్నది. ఇరవై చుక్కలంటే ఒక సీసాలో ఒక మోతాదు, ఇంకో సీసాలో ఇంకో మోతాదు. లండన్ వైద్యుల ఫార్మకోపియా కూడా చుక్కను వదిలి ‘మినిమ్’ అనే ఖచ్చితమైన కొలతకు మారింది 1809లోనే. వైద్యుల సభలో తేలిన విషయాన్ని పదకొండేళ్లలో ఒక ఇల్లాలి ప్రయాణపు మందుల పెట్టెలోకి తెచ్చింది స్టార్క్. నిద్రకళ్లతో, లాంతరు వెలుతురులో, దగ్గుతున్న మనిషికి మందు పోసిన చేతికే ఈ జాగ్రత్త తెలుస్తుంది.

అన్నిటికంటే నాకు నచ్చేది బండి గురించి రాసిన భాగం. బండి గట్టిగా, నేలకు దగ్గరగా వేలాడేటట్టు ఉండాలి. ఎత్తు తగ్గితే మలుపుల్లో బోల్తా భయం తగ్గుతుంది. ముందు ఇరుసునూ వెనక ఇరుసునూ కలిపే అడుగు దూలం ఒకటికి రెండు ఉండాలి. స్ప్రింగులు బాగా పదునెక్కినవై, చుట్టూ తాడు బిగించి ఉండాలి; పట్టీ విరిగినా తాడు పట్టి ఉంచుతుంది. ఇరుసులు ఇనుపవి. ఘాటు దిగేటప్పుడు వాడటానికి ఇనుప చెప్పులున్న గొలుసులు రెండు. ఆ చెప్పును వెనక చక్రం కిందికి జారవిడిస్తే చక్రం అందులో కూర్చుని తిరగడం మానేస్తుంది, చెప్పు నేలను రాసుకుంటూ బండిని పట్టి ఆపుతుంది. అరిగేది చెప్పే, చక్రపు పట్టా కాదు. వెనక ఇరుసుకు పెట్టె ఆకారంలో ఒక పనిముట్ల డబ్బా వేలాడదీసి తాళం వేయాలి. అందులో అదనపు కడచీలలు, బండిని మరమ్మతు చేయడానికి, విప్పడానికి, మళ్లీ బిగించడానికి కావలసిన సామాను.

విప్పడం ఎందుకు? ఆమె మొదటిసారి ఇటలీలో ఉన్న రోజుల్లో ఆల్ప్స్ మీద మాంట్ సెనీ కనుమ దాటాలంటే బండి బండిగా పోయేది కాదు. కొండ పాదంలో దాన్ని ముక్కలుగా విప్పి కంచరగాడిదల మీద వేసేవారు. మనుషులను కుర్చీల్లో కూర్చోబెట్టి కూలీలు మోసుకుపోయేవారు. అవతల పక్క దిగాక బండిని మళ్లీ కూర్చేవారు. నెపోలియన్ సింప్లాన్ కనుమ మీదా, మాంట్ సెనీ మీదా బండ్లు పోయే రోడ్లు వేయించాక ఆ బాధ తప్పింది. అయినా ఆమె ఆ డబ్బాను జాబితాలోంచి తీసేయలేదు. సామ్రాజ్యం వేసిన రోడ్డు ఎప్పటిదాకా బాగుంటుందో ఎవరు చెప్పగలరు?

ఇంకా ఉంది. బండి అడుగుకు బయటి వైపు తారు పూయాలి, వాగు దాటేటప్పుడు నీళ్లు లోపలికి రాకుండా. కిటికీ తలుపులు లోపలి నుంచి గడియ వేసుకునేలా ఉండాలి. బండి తలుపులకు తాళం ఉండాలి. పెద్ద పెట్టె ముందు, చిన్నది వెనక. వెనకది తోలేవాడి కంటికి ఆనదు గనక దానికి గొలుసూ తాళమూ. గొలుసు ఎక్కడ కావాలో కూడా చూపు అందే చోటును బట్టి నిర్ణయించింది.

ఇదంతా అనుబంధం. అసలు పుస్తకం కోసం, యాభై దాటిన వయసులో, 1817 నుంచి 1819 దాకా ఆమె మళ్లీ యూరప్ తిరిగింది. తిరగక తప్పలేదు. నెపోలియన్ ఇటలీ నుంచి పట్టుకుపోయి పారిస్ లూవ్ర్‌లో పెట్టిన కళాఖండాల్లో చాలావాటిని వాటర్లూ తర్వాత తిరిగి ఇచ్చేశారు. అపోలో బెల్వెడీర్, లావోకూన్ శిల్పాలు వాటికన్‌కు మళ్లీ చేరాయి. పాత పుస్తకాల్లోని చిరునామాలన్నీ తప్పయ్యాయి. ఏ బొమ్మ ఇప్పుడు ఏ ఊళ్లో, ఏ భవనంలో, ఏ గదిలో ఉందో కొత్తగా చూసి రాసుకోవాలి. ఆమె అదే చేసింది. గదులను నడక వరసలోనే రాసింది. పుస్తకం చేతపట్టి మొదటి గదిలోకి అడుగుపెట్టిన మనిషి వెనక్కి తిరగకుండా చివరి గది దాకా వెళ్లగలగాలి, పేజీ కూడా అలాగే ముందుకు తిరగాలి.

వందల బొమ్మల మధ్య ఏది చూడాలి? అందుకు ఆమె కనిపెట్టిన ఉపాయం ఆశ్చర్యార్థకం. మెచ్చదగిన శిల్పం పక్కన ఒక గుర్తు, అంతకంటే గొప్పదానికి రెండు, అపురూపమైనదానికి నాలుగైదు. అప్పటిదాకా వాక్యం చివర గొంతు పెంచడానికి వాడిన గుర్తు ఆమె చేతిలో కొలబద్ద అయింది. ఇందులో చక్కదనం ఏమిటంటే, పేజీని చదవనక్కర్లేదు, చూస్తే చాలు. సాయంత్రం గుర్రాలు పూన్చే లోపల రెండు గంటలే చేతిలో ఉన్నవాళ్లు నాలుగు గుర్తులున్న చోట్లు మాత్రం కంటితో ఏరుకుని చూసి రావచ్చు. నీరసంగా ఉన్న రోగి రెండు గదులకు మించి నడవలేకపోతే ఆ రెండు గదులు ఏవో తేల్చుకోవచ్చు. గుర్తు లేని బొమ్మ ముందు జనం ఆగరు గదా అన్న అభ్యంతరం నాకూ ఉంది. ఆమె మెప్పు ఆమె కాలపు మెప్పే. అయినా ఓపిక తక్కువగా ఉన్న మనిషి ఓపికను లెక్కలోకి తీసుకున్న మొదటి పద్ధతి ఇదని నా నమ్మకం.

ధరల పట్టికలు మరో లోకం. ఏ దేశంలో ఏ నాణెం, ఒక మజిలీకి ఒక గుర్రానికి ఎంత, ఎంతమంది ఎక్కితే ఎన్ని గుర్రాలు కట్టించుకోవాలి, అద్దె ఇల్లు, నౌకరు జీతం, కోడి, పాలు, ఉత్తరం ఖర్చు, చాకలి కూలి. మజిలీల వెంబడి దూరాలు. సరిగ్గా ఆ ఏళ్లలోనే, 1830 మే నెలలో, చెన్నపట్నం నుంచి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య తన ‘కాశీయాత్ర చరిత్ర’లో ఏ మజిలీలో నీళ్లు ఎలా ఉన్నాయో, ఏ సరుకులు దొరుకుతాయో, దిగడానికి చోటు ఉందో లేదో అంతే శ్రద్ధగా రాసుకున్నాడు. ఒకరి పేరు ఒకరు విని ఉండరు. తర్వాత వచ్చేవాడికి దారి తెలియాలన్న తపన మాత్రం ఒకటే. వీరాస్వామయ్య పుస్తకం 1838లో అచ్చయింది. మరియానా స్టార్క్ నేపుల్స్ నుంచి ఇంటికి తిరిగివెళ్తూ దారిలో మిలాన్‌లో చనిపోయింది కూడా ఆ ఏడాదే.

ఆమె ధరల మీద జనానికి ఎంత గురి కుదిరిందంటే, స్టాంధాల్ 1839 నాటి తన నవల ‘పార్మా చార్టర్‌హౌస్’లో ఒక ఇంగ్లీషు యాత్రికుడి గురించి చెబుతూ, మిసెస్ స్టార్క్ పుస్తకంలో ధర చూసుకోకుండా అతను చిన్న వస్తువు కూడా కొనడని రాశాడు. సీమకోడి, ఆపిల్, గ్లాసు పాలు ఏవైనా సరే. ఫ్రెంచి రచయితకు అది వింతగా తోచింది. భాష రాక, బేరం చేతకాక, కొత్త ఊళ్లో పర్సు తీసే ప్రతివాళ్లకూ మాత్రం ఆ అంకె ఒక అండ.

రోజూ ధర చూసుకునే బాధ లేని దారీ ఒకటి ఉంది. ఇటలీలో వెట్టురీనో అనే బండివాడితో మొత్తం ప్రయాణానికి ఒకే మొత్తం మాట్లాడుకునే ఆచారం ఉండేది. దారిలో పడకా భోజనమూ అతనే చూసుకుంటాడు. నడక నెమ్మది, ఖర్చు తక్కువ, రోజూ బేరం ఉండదు. తర్వాత యాత్రలు ఏర్పాటు చేసే వ్యాపారి థామస్ కుక్ 1868లో ప్రవేశపెట్టిన హోటల్ కూపన్ల మూలసూత్రం ఇదే: డబ్బు ముందు ఒకచోట, పడకా భోజనమూ తర్వాత దారి పొడుగునా. కుక్ 1863లో స్విట్జర్లాండ్‌కు తీసుకువెళ్లిన మొదటి బృందంలో యార్క్‌షైర్ నుంచి వచ్చిన జెమీమా మోరెల్ అనే యువతి ఉంది, ఆ యాత్ర దినచర్య రాసింది ఆమే. స్టార్క్ బండికి వేలాడదీయమన్న పనిముట్ల డబ్బా అవసరం జెమీమాకు రాలేదు. రైలు ఆమెను జెనీవా దాకా చేర్చింది.

పుస్తకాల వరసలోనూ అలాగే కొత్తవి పాతదాని చోటు తీసుకున్నాయి. జాన్ మర్రే వారసుడు 1836లో తన చేతిపుస్తకాల పరంపర మొదలుపెట్టాడు. 1840ల్లో జర్మన్ ప్రచురణకర్త కార్ల్ బెడెకర్ పుస్తకాల్లో నక్షత్రాలు కనిపించాయి, ఇప్పటికీ హోటళ్ల నొసటన మెరుస్తున్నవి వాటి సంతతే. ఆ వారసుడు మర్రే 1889లో వెనక్కి తిరిగి చూసుకుంటూ, తాను యాత్రలు మొదలుపెట్టిన రోజుల్లో గైడు అనిపించుకోదగిన పుస్తకాలు మూడే ఉండేవని, ఇటలీకి సంబంధించినంతవరకు స్టార్క్ పుస్తకమే దిక్కని ఒప్పుకున్నాడు. స్వయంగా తిరిగి సేకరించిన సమాచారం అందులో ఉందన్నాడు. దానితోపాటు, పురాణ పాండిత్యం, డెవన్‌షైర్ మీగడ పుట్టుక మీద ఒక సిద్ధాంతం, సోరెంటో, నేపుల్స్ చాకలి పద్దులు అన్నీ కలగాపులగంగా ఉన్నాయని నవ్వుకున్నాడు కూడా.

మీగడ సంగతి ఆయన ఇష్టం. చాకలి పద్దు దగ్గర మాత్రం నేను స్టార్క్ పక్షం. ఊపిరితిత్తుల జబ్బు మనిషికి రాత్రంతా చెమటలు పడతాయి. తెల్లారేసరికి దుప్పటి, దిండు గలీబు, చొక్కా మార్చాలి, రుమాళ్లకు లెక్కే ఉండదు. పరాయి ఊళ్లో నెలల తరబడి ఆ బట్టలు ఎవరు ఉతుకుతారు, ఒక్కోదానికి ఎంత పుచ్చుకుంటారు అన్నది ఆ ఇంట్లో బియ్యం ధరకంటే ముందు తెలియవలసిన లెక్క.